ఏడు గంటల పది నిమిషాలు

అంతరిక్షంలోకి వెళ్లే మనుషుల కోసం హేమలత పొద్దున ఆరింటికే సామలు దంచుతోంది. రోలు కాలేజీది, రోకలి అత్త రూప్లిది. బూర్గంపాడు అవతలి ప్రైవేటు కాలేజీ వెనక, ప్లాస్టిక్ గోడల పెద్ద షెడ్డులో ఆర్నెల్లుగా ప్రయోగం నడుస్తోంది. భూమికి దూరంగా రెండేళ్లుండే నలుగురు తమ తిండి తామే పండించుకోగలరా అన్నది తేల్చాలి. షెడ్డులోకి బయటి గింజ రాకూడదు, లోపలి నీటి చుక్క బయటికి పోకూడదు. సబ్బు తగిలితే మొక్కలు చస్తాయని గిన్నెలు పొట్టుతోనే తోమాలి, ఆ నీళ్లు వడకట్టి మళ్లీ మళ్లకే పెట్టాలి. ఇంత గొప్ప ప్రయోగంలో తోమేదెవరంటారా, ఎమ్మెస్సీ బాటనీ చదివిన హేమలతే. ఉద్యోగం పేరు మాత్రం ప్రాజెక్ట్ అసిస్టెంట్.

నలభై రోజులుగా నలుగురు విద్యార్థులు ఈ షెడ్డు తిండే తింటున్నారు. ఇవాళ ఆఖరి రోజు. పదకొండింటికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తుంది. వాళ్లు సరేనంటే ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు సాగుతుంది, ప్రాజెక్టు నడిపే జయప్రకాశ్ సార్ ఇచ్చే ఒక్క ఉత్తరంతో హేమలత ఉద్యోగం పర్మనెంటవుతుంది. కాదంటే తండాకు వెళ్లి కూర్చోవడమే. ఆ ఉత్తరం సార్ టేబుల్ మీద ఉంది, సంతకం లేకుండా. దాని పక్కన రిపోర్టు ఉంది, అందులో హేమలత సంతకం లేకుండా.

గొడవంతా రిపోర్టులో ఒక గడి దగ్గర వచ్చింది. పనికి రోజుకెంత సమయం పడుతుందో రాయమని మొదట్లో సారే చెప్పారు. హేమలత నిమిషాలతో సహా రాసింది. మొక్కల పని గంటా ఇరవై. దంచడం, చెరగడం రెండు గంటలు. వంట రెండుంబావు. తోమడం, నీళ్లు వడకట్టడం గంటా ముప్పై అయిదు. కూడితే ఏడు గంటల పది నిమిషాలు. కూడిన రోజు ఆమెకు భయమేసింది. ఇంతసేపు చేసిన పనికి పేరే లేదేమిటని కోపమూ వచ్చింది. రిపోర్టులో చూస్తే సార్ గంటా ఇరవై ఒక్కటే ఉంచారు.

ఇవాళ పొద్దున అడిగితే ఆయన విసుక్కోలేదు, బుజ్జగించారు.

"వంట పనిలోకి రాదమ్మా. ప్రతి ఇంట్లో జరిగేదే కదా. ఏడు గంటలని రాస్తే, నలుగురిలో ఒకళ్లు పొద్దస్తమానం తిండి పనిలోనే ఉండాలా అంటారు. ప్రాజెక్టు మూలన పడుతుంది. కమిటీ వచ్చేలోపు సంతకం పెట్టెయ్."

పైన బరువుండదు, వస్తువులు తేలుతుంటాయి అని ఒకసారి హేమలత అత్తకు చెప్పింది. పొట్టు కిందపడకపోతే చెరిగేదెట్ల అని రూప్లి లంబాడీ మాటలో అడిగింది. ఆ మాట సార్‌కు చెబితే ముందు నవ్వారు. తర్వాత రిపోర్టు రెండో పేజీలో అది సార్ కనిపెట్టిన సమస్యగా ఎక్కింది. హేమలత అప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమెకు బాగా అలవాటు. ఆదివారం బట్టలు ఆరేస్తుంటే, "ఊకెనే ఉన్నవ్ గద, జర చాయ్ పెట్టు" అంటాడు భర్త రాజేష్. తిట్టినా బాగుండు. ప్రేమగానే అంటాడు, అందుకే వెళ్లి చాయ్ పెడుతుంది.

పదిన్నరకు రాజేష్ ఫోన్ చేశాడు.

"సంతకం వెట్టినవా? గీ ఒక్క కాయిదం కోసం నౌకరి పోగొట్టుకోకు. ఎవలన్న వంటకు గంటలు రాస్తరా, నవ్విపోతరు."

చూస్తానంది. సంపాదించే కోడలని తండాలో రూప్లి ఎంత గర్వంగా చెప్పుకుంటుందో గుర్తొచ్చి, పెన్ను తీసి రిపోర్టు కింద సంతకం చోట ఆనించింది. రాయలేక మళ్లీ మూత పెట్టింది. అంతలో కారు వచ్చింది.

కమిటీ పెద్ద వెంకటప్పయ్య సామన్నం, తోటకూర పప్పు మారు వడ్డించుకుని తిన్నారు. ఎవరు వండారని అడిగారు.

"మా హేమలతే సార్," అన్నారు జయప్రకాశ్. "పైకి కూడా ఈమెనే పంపిద్దాం. మిగతా ముగ్గురూ నిశ్చింతగా పరిశోధన చేసుకుంటారు."

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ హేమలత కూడా నవ్వింది. తన నవ్వు తన చెవినే పడి ఒళ్లు మండిపోయింది. నలుగురిలో ఒకళ్లని పొద్దున సార్ అన్నప్పుడు ఆ ఒకళ్లెవరో ఆయనకు తెలుసన్నమాట.

చేతులు తుడుచుకుని సార్ టేబుల్ మీది రిపోర్టు తీసింది. గంటా ఇరవై కొట్టేసి, ఏడు గంటల పది నిమిషాలని రాసి, కింద సంతకం పెట్టింది. సార్ చెయ్యి చాచారు. ఆమె ఆయన్ని దాటి వెళ్లి వెంకటప్పయ్య చేతికిచ్చింది.

"ఇంటి పని పొరపాటున కలిపేసింది సార్, దిద్దిస్తాను," అన్నారు జయప్రకాశ్. టేబుల్ మీది ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. హేమలత అది చూసింది.

వెంకటప్పయ్య అంకె మీద వేలుంచి తలెత్తారు.

"ఈ కొత్తగా చేరిన అయిదు గంటల యాభై నిమిషాలు ఎవరివమ్మా?"

"నావి సార్," అంది హేమలత. "ఇంటికాడియి ఇంకా ఉన్నయి. అవి ఇయ్యాల్టి సంది రాస్త."