మైల కార్డులు

"మెంతుల డబ్బా ఏడవెట్టినవే?" వంటింట్లోంచి అత్త కేక.

నేను బయట వసారాలో చాప మీద ఉన్నాను. ఇంట్లోకి రాకూడని రోజులు. నా చాప వేరు, నా గ్లాసు వేరు. కానీ మట్టెవాడలోని ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలిసింది నాకొక్కదానికే. "పై అరల, పసుపు డబ్బా ఎనక." "నా బనీనేది?" అని మా ఆయన వీరభద్రం. "సందుగ మీద." నన్ను ముట్టుకుంటే స్నానం చేసేవాళ్లు నా నోటిని మాత్రం పొద్దున్నించీ వాడుకుంటూనే ఉంటారు. పెళ్లయిన కొత్తలో ఆయన చుట్టాల ముందు, "మా వరలక్ష్మి ఉంటె నాకు ఫికరే లేదు, ఏదడిగినా చెప్తది" అంటే పొంగిపోయాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత.

ఆఫీసుకు పోవడానికి మాత్రం మైల అడ్డురాదు. బస్సెక్కి హన్మకొండలోని లైబ్రరీకి పోతాను. పుస్తకానికో కార్డు రాసి, అక్షరక్రమంలో సొరుగుల్లో పేర్చడం నా ఉద్యోగం. ఎవరినీ అడగకుండా ఎవరికి కావలసింది వాళ్లే వెతుక్కోవాలనే ఆ సొరుగులు. ఇంట్లో ఆ సొరుగు నేనే. అయితే ఆడవాళ్ల ఒంటి సంగతులు చెప్పే పుస్తకాలన్నీ 'శరీరధర్మ శాస్త్రం' కింద ఉండేవి. కాలేజీ పిల్లలకు ఆ మాట తట్టదు, కౌంటర్లో కూర్చున్న మగవాళ్లను అడగలేరు. అందుకని 'బహిష్టు' అని, 'కాన్పు' అని వాళ్లు వెతికే మాటలతోనే కార్డులు రాసి, ఏ బీరువాలో చూడాలో అడుగున రాశాను. మొన్న పద్మ అనే పిల్ల సొరుగు లాగి, కార్డు చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా బీరువా దగ్గరికి నడిచింది. ఆ సంతోషంలో మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం కూడా మరిచిపోయాను.

ఇవాళ లైబ్రేరియన్ కిషన్ రావు సార్ ఆ కార్డుల్ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకొచ్చి చెత్తబుట్టలో వేశాడు.

"ఛీ! గిసువంటియి సొరుగుల వెడ్తరా అమ్మా? గావాల్నంటే అచ్చి నన్నడుగుతరు."

"మిమ్మల్నెట్ల అడుగుతరు సార్?"

"అడగలేదంటే అక్కెర లేదన్నట్టే."

పోయి చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో. అక్షరాలున్న అట్టముక్కను ముట్టుకుని చేతులు కడుక్కునే చదువు ఏం చదువు? మా అత్తే నయం, ఆమె బడి మొహం చూడలేదు.

సాయంత్రం ఖాళీ కార్డులు తెచ్చుకుని మళ్లీ ఆ చాప మీదే కూర్చున్నాను.

"చింతపండేడున్నదే?" అంది అత్త. నేను కలం మూత తీశాను.

"ఏమే, ఇనవడ్తలేదా? అమ్మ అడుగుతాంది" అన్నాడు ఆయన.

"నేను మైలైతే నా మాట గూడ మైలే గదా. మీరే దేవులాడుకోండ్రి."

వంటింట్లో డబ్బాలు ఒక్కొక్కటే కిందపడడం మొదలైంది. నేను 'బహిష్టు' అని మళ్లీ రాశాను, సార్‌కు కళ్లద్దాలు లేకున్నా కనబడేంత పెద్దగా.