ఫిడేళ్లు తుమ్మిన రోజు

ఎడంచేత్తో గెడ్డం గీసుకుంటూ కుడిచేత్తో సినిమా పాటలో ఫిడేళ్లకి స్వరాలు రాస్తున్నాడు గోవా మనిషి ఎవరిస్తో. బొంబాయిలో ధోబీతలావ్ దగ్గరున్న గోవావాళ్ల సత్రం అది. అందులో అందరూ వాయిద్యాలోళ్లే. ఈయనైతే చేపలమ్మి కేకకి కూడా నాలుగు ఫిడేళ్ల వరస కట్టేస్తాడు. మనిషి అగ్గిపుల్లంత, కోటు మాత్రం ఇద్దరు పట్టేంత.

"ఇవాళ నీ వరస ఖాన్ సాబ్ ఒప్పుకోకపోతే?" అన్నాడు పక్కమంచం మీది ఫిడేలు రుజారియో.

"ఊరెళ్లి శవాల ముందు బాకా ఊదుకుంటా."

"మంచిదేలే బాబూ. శవాలు తప్పులు పట్టవు."

ఖాన్ సాబ్‌ది సితారు. స్వరాలు రాసిన కాగితమంటే ఒళ్లుమంట. ఫిడేళ్లోళ్లకేమో కాగితం మీద లేనిది చేతికి రాదు. అందుకే నిన్న ఆయనింట్లో ఆయన రాగం పాడుతుంటే, ఎవరిస్తో ఎదురుగా కూచుని చెవినపడ్డదల్లా పొల్లుపోకుండా రాసేసుకున్నాడు.

"నా రాగానికి దెబ్బ తగిలిందో, సితారు చంకనెట్టుకుని పోతా. నీ ఉద్యోగమూ పోద్ది, కాగితాలోడా!" అని ఆయన ముందే చెప్పాడు.

స్టూడియోలో సితారు జలజలా పారుతోంది. వెనక ముప్పై ఫిడేళ్లు తేనెలా జారుతున్నాయి. నడిమధ్యలో ఫిడేళ్లన్నీ టక్కున ఆగి, "హ... హ..." అని మెట్టుమెట్టుగా పైకెక్కి, "హాఛ్!" అని విరుచుకుపడ్డాయి. కిటికీ మీది పావురాలు ఆ దెబ్బకి దాదర్ దాకా ఆగలేదు.

ఖాన్ సాబ్ సితారు పక్కన పెట్టాడు. "ఏంట్రా అది?"

ఎవరిస్తో కాగితం ముందుకి చాపాడు. "నిన్న మీరు పాడిందే సాబ్."

"పాడింది కాదురా, తుమ్మింది!"

ఖాన్ సాబ్ ఫిడేళ్లవైపు తిరిగాడు.

"ఏదీ, మళ్లీ వాయించండి."

ఫిడేళ్లు మళ్లీ తుమ్మాయి. ఖాన్ సాబ్ కళ్లు మూసుకుని, ఆ తుమ్ముని సితారు మీద మెట్టుమెట్టుగా వెతికి చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"చూశారా! మా ఘరానాలో, మా గురుపరంపరలో, తుమ్ము కూడా రాగం దాటదు! ఇంతమంది శిష్యులున్నారు, ఒక్క వెధవైనా నన్నింత శ్రద్ధగా విన్నాడా? ఇలా రావయ్యా, ఎవరిస్తో."

అప్పటికప్పుడు బెల్లం, శనగలు తెప్పించి నోట్లో పెట్టాడు. ఇక నా శిష్యుడివేనంటూ ఘరానా ఆచారం ప్రకారం మణికట్టుకి ఎర్రదారం కట్టాడు.

"మెళ్లో శిలువుంది సాబ్..."

"ఉండనీ. నేను కట్టేది చేతికి కదా!"

సాయంత్రం ట్రాములో రుజారియోతో పాటు ఎక్కి, కిటికీ పక్కన కూచున్నాడు ఎవరిస్తో. సత్రంలో పంచడానికి మిగిలిన బెల్లం, శనగలు పొట్లం కట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. మోకాలి మీద వేళ్లతో ఏదో వరస కొడుతూ కొడుతూ ఆపేశాడు.

"దిగవయ్యా శిష్యా, మన వీధొచ్చింది," అని రుజారియో భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత మెల్లిగా తన టోపీ తీసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఆయన్ని నలుగురూ పట్టి దించాక ట్రాము కదిలింది. ఒళ్లోంచి కిటికీ పక్క సీటు మీదికి జారిన పొట్లం కాస్త విప్పుకుని, కుదుపుకో శనగ రాలుస్తూ ముందుకెళ్లిపోయింది.