బెలూను చోట నేను

నేను ఒక రెసిస్టరుని, కరెంటుకి కాస్త అడ్డుపడే చిన్న ముక్కని. బియ్యపు గింజకంటే కాస్త లావు, ఒంటి మీద రంగు గీతలు, రెండు పక్కలా రెండు తీగ కాళ్ళు. నాతో పాటు ఒకే అచ్చులో పుట్టినవి రేడియోల్లోకీ టీవీల్లోకీ పోయి మర్యాదగా బతుకుతున్నాయి. నా బతుకు మాత్రం ఒక అబద్ధం చెప్పడంలో గడిచింది. ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటున్నాను. సిగ్గు దాచుకుంటే మరీ బరువు.

కడియం దగ్గర నర్సరీ నడిపే వీరభద్రానికి పాత పికప్ ట్రక్కు ఒకటి ఉండేది. లోపల రెండు వరసల సీట్లు, వెనక తొట్టిలో మొక్కలు. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి దాని డాష్‌బోర్డు నెర్రెలిచ్చింది. అలాంటిది దొరకడం కష్టమన్నారు. వీరభద్రం ఆగే మనిషి కాదు. టేకు చెక్కతో కొత్తది చేయించి, ద్వారబంధానికి చెక్కినట్టు దాని మీద లతలూ చిలకలూ చెక్కించాడు. అంతా అయ్యాక తెలిసిందేమంటే, ఎడమ పక్క కూర్చునేవాళ్ళ కోసం పాత డాష్‌బోర్డులో దాగి ఉండి, బండి గుద్దుకుంటే బెలూనులా ఉబ్బి కాపాడే ఎయిర్‌బ్యాగుకి ఈ చెక్కలో చోటే లేదు.

ఆ పక్క కూర్చునేది ఆయన భార్య భూలక్ష్మి.

ఎలక్ట్రీషియన్ జిలానీ పనిమంతుడు. బ్యాటరీ తీగలు విప్పి, పావుగంట ఆగి, అప్పుడుగానీ ఎయిర్‌బ్యాగు పసుపు వైర్ల మీద చెయ్యి వెయ్యలేదు. తొందరపడితే మొహం మీదే పేలుతుందని వీరభద్రాన్ని దూరంగా నిలబెట్టాడు. తీసి పక్కన పెట్టాక, "అమ్మగారు కూర్చునే పక్కండి, ఆలోచించుకోండి," అన్నాడు. చెక్క పీకేసి, ఎక్కడున్నా అసలు డాష్‌బోర్డే వెతుకుదామన్నాడు. వీరభద్రం చిలకలకేసి చూసుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా గీత పడకుండా నడుపుతున్నాననీ, ఆ బెలూనుతో అవసరం రానివ్వననీ అన్నాడు. మనుషులకి తమ చేతి మీద ఉన్న నమ్మకం ఎదురొచ్చే లారీవాడి చేతి మీద కూడా ఉంటుంది కాబోలు.

చిక్కు దీపంతో వచ్చింది. ఆ బండిలో చిన్న కంప్యూటరు ఉంది. తాళం తిప్పగానే పసుపు వైర్లలోకి కాస్త కరెంటు పంపి, "ఉన్నావా?" అని అడుగుతుంది. సరైన జవాబు రాకపోతే, తాళంతో పాటు వెలిగే ఎర్ర దీపాన్ని ఆర్పదు. దీపం ఆరకపోతే భూలక్ష్మి ఊరుకోదు. అది ఆరేలా చూడమన్నాడు వీరభద్రం. జిలానీ డబ్బాలోంచి, కరెంటుకి ఎయిర్‌బ్యాగుతో సమానంగా అడ్డుపడే నన్ను ఏరి, రెండు వైర్ల మధ్య అతికించి టేపు చుట్టాడు. ఆనాటి నుంచి కంప్యూటరు అడిగినప్పుడల్లా ఎయిర్‌బ్యాగు గొంతుతో "ఉన్నాను" అంటూ వచ్చాను.

దీపం ఆరితే బెలూను ఉన్నట్టేనని భూలక్ష్మికి ఒకప్పుడు వీరభద్రమే గొప్పగా చెప్పాడు. ఆమె అది ఆరేదాకా చూసి, బెల్టు పెట్టుకుని, "పదండి" అనేది. పొద్దున్నే మొక్కల పనికి లేచిన మనిషి, మొక్కలు వేసుకుని బయల్దేరితే రావులపాలెం దాటకుండానే కునుకు తీసేది. చెక్కకి అవతల ఆమె తల అలా ఊగుతుంటే, నేను మాడిపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నాలో పారే కరెంటు అందుకు కూడా చాలదు.

వీరభద్రానికీ నిలకడ పోయింది. ఎనభైలో పోయేవాడు నలభైకి దిగాడు. లారీ కనబడితే బండి పక్కకి తీసేసేవాడు. "పెళ్ళికూతుర్ని ఊరేగిస్తున్నారేంటండీ? మొక్కలు దార్లోనే పూసేత్తాయి," అని భూలక్ష్మి ఆటపట్టించేది. మొగుడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని పదిమందిలో మురిసిపోయేది కూడా. ఆమె మెచ్చుకున్నప్పుడల్లా ఆయన మెడ ఇంకాస్త వంగేది.

ఎనిమిది నెలలు అలాగే నడిచింది. కూతురు మౌనిక ఏడో నెల కడుపుతో పుట్టింటికొచ్చింది. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజున భూలక్ష్మి ముందు తలుపు తీసి పట్టుకుంది. "ముందు కూచోవే. వెనక కుదుపు. ఇక్కడైతే బెలూను కూడా ఉంది," అంది.

వీరభద్రం తాళం తిప్పలేదు. స్టీరింగుతో చెప్పుకుంటున్నట్టు, "అక్కడ బెలూను లేదు," అన్నాడు. తర్వాత నా సంగతీ చెప్పేశాడు.

భూలక్ష్మి కేకలు వెయ్యలేదు. "ఎప్పట్నించండి?" అంది.

"తొలేకాదశి నుంచి."

ఆమె లోలోపల నెలలు లెక్కపెట్టుకుంది. "అయితే, నేను కూచున్నన్నాళ్ళూ మీకు నోరు రాలేదు," అంది.

 

కూతుర్ని వెనక కూర్చోబెట్టి, బెల్టు సరిచేసి, తను ముందు సీట్లోకి వచ్చింది. వద్దని ఆయన చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. "పదండి. నాకలవాటేగా," అంది.

ఆ రోజు రాజమండ్రి దాకా ఆమె కునుకు తియ్యలేదు.

మర్నాడు చిలకల చెక్కని వీరభద్రమే విప్పాడు. జిలానీ నన్ను వైర్లలోంచి కత్తిరించి తీసి, కొత్త ఎయిర్‌బ్యాగు బిగించడం తన పని కాదనీ, కంపెనీ వర్క్‌షాపులోనే చేయించాలనీ, అప్పటిదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దనీ చెప్పాడు. వీరభద్రం తలూపి, ఎందుకో నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు.

బట్టలు ఉతికేటప్పుడు భూలక్ష్మికి దొరికాను. ఏంటిదని అడిగింది. నీ ముందు బెలూను చోట ఉన్నది అదేనని చెప్పాడు. ఆమె నన్ను తడి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చెత్తలో పారేస్తుందనుకున్నాను. అంతకంటే కోరుకునేదేముంది? దండెం మీద ఆరిన ఆయన చొక్కా ఒకటి తీసి, దాని జేబులో నన్ను వేసి, గుండీ పెట్టింది.

"ఉండనివ్వండి," అంది.

అప్పట్నించి ఏ చొక్కా తొడుక్కున్నా ఆయన నన్ను అందులోకి మారుస్తున్నాడు. మార్చేటప్పుడు మాత్రం ఇప్పటికీ నా వంక చూడడు.