మాణిక్యమ్మకు కట్టించిన ఫోటో

వెంకటసుబ్బారావుకి ఫోటోల పిచ్చి యాభై ఏడో ఏట పట్టింది. పట్టిందనడం కూడా అన్యాయమే, డాక్టరు పట్టించాడు. బీపీ బిళ్ళను ఒకటి నుంచి రెండుకి పెంచుతూ "ఆఫీసు కాకుండా ఏదన్నా వ్యాపకం పెట్టుకోండి" అన్నాడాయన. ముప్పయ్యేళ్ళుగా ఫైళ్ళు తిరగేస్తున్న సీనియర్ అసిస్టెంటుకి వ్యాపకం ఎక్కణ్ణుంచి వస్తుంది? పేకాట రాదు, పాట రాదు, పొద్దున్నే పార్కులో గుంపుగా నిలబడి పనిగట్టుకుని నవ్వేవాళ్ళను చూస్తే భయం. చివరికి ఆఫీసులో ఒకాయన వదిలించుకోవాలని చూస్తున్న పాత కెమెరా కొనుక్కుని బెజవాడ పటమటలోని ఇంటికి తెచ్చుకున్నాడు.

"కంటినిండా నిద్రపోయి నెలలయింది. ఇప్పుడిదొకటి తగిలించుకున్నారా మెళ్ళో?" అంది భార్య కనకలక్ష్మి.

ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. ఆషాఢం మొదట్లో, కూచిపూడి అవతల పల్లెలో ఉండే అక్క మాణిక్యమ్మ గడ్డిమోపు దించుతూ దించుతూ కూలబడిపోయింది. గుండె రక్తనాళాలు మూడుచోట్ల పూడుకుపోయాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అప్పటినుంచి సుబ్బారావుది ఒకటే తిరుగుడు. వారమంతా ఆఫీసు, మధ్యలో రిపోర్టులు పట్టుకుని ఆస్పత్రి, ప్రభుత్వ వైద్యం కార్డు మీద అనుమతి కోసం ఇంకో కిటికీ, సెలవొస్తే బస్సు. ఉయ్యూరు దాటిందో పామర్రు వచ్చిందో కళ్ళు మూసుకునే చెప్పగలడు. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు, మాణిక్యమ్మకు పదమూడు. చంకనేసుకుని పెంచింది. ఆవిడకు పిల్లల్లేరు, మొగుడు పోయి పదేళ్ళు. ఆవిడ లేకుండా తనొకడు ఉండటమనే సంగతి సుబ్బారావు బుర్రకెప్పుడూ ఎక్కలేదు.

ఆవిడ మొండితనం మాత్రం బాగా ఎక్కింది. ఆషాఢంలో వద్దంది. శ్రావణంలో గేదె ఈనేట్టుందంది. ఈనాక పాలెవరు పిండుతారంది. దసరా అంది, కార్తీకమంది, పోలిని సాగనంపాక వస్తానంది. ఇక ఆలస్యం చేస్తే తన పూచీ లేదని గుండె డాక్టరు తేల్చేశాడు. పోలి పాడ్యమి కూడా వెళ్ళిపోయి, అడ్డం పెట్టుకోవడానికి పండగలేవీ మిగలక, విధిలేక ఒప్పుకుంది. డిసెంబరు రెండో సోమవారం చేర్చుకోవడం, బుధవారం ఆపరేషన్.

ఈ తిరుగుళ్ళ మధ్య నెలకు రెండు ఆదివారాల పొద్దుటిపూటలు మాత్రం సుబ్బారావు తనకోసం దాచుకున్నాడు. జాన్సన్ గారని, ముప్పయ్యేళ్ళు పెళ్ళిళ్ళు తీసి మోకాళ్ళరిగి మానేసినాయన, సరదాకి ఫోటోలు తీసుకునే పదిమందిని వెంటేసుకుని బందరు కాలువ గట్టు మీదో, బ్యారేజీ దగ్గరో, రైతుబజారులోనో తిప్పుతుంటాడు. ఫీజంటూ ఏమీ లేదు, ఆఖర్న టీ మనం ఇప్పించాలి.

జాన్సన్ మొదటిరోజే సుబ్బారావు చేతిలోంచి కెమెరా లాక్కుని సంచిలో పెట్టేశాడు.

"అరగంట దాకా దీన్ని బయటికి తియ్యమాకండి. ఊరికే నడవండి. ఎండ ఎటునుంచి పడతందో, నీడెక్కడుందో చూడండి. మీరు చూడందే అదేం చూస్తదండీ పాపం?"

"మిగతావాళ్ళకి పెద్ద పెద్ద లెన్సులున్నాయండీ," అన్నాడు సుబ్బారావు నసుగుతూ.

"ఉంటాయి. మీరు ఉన్నదాంతోనే ఏడాదిపాటు తియ్యండి. మనిషి పెద్దగా పడాలంటే నాలుగడుగులు దగ్గరికెళ్ళండి. నొక్కేముందు నాలుగు మూలలూ చూసుకోండి, ఎవరి నెత్తిమీదా కరెంటు స్తంభం మొలవకుండా. అంతకుమించి ఇందులో బ్రహ్మవిద్యేం లేదండీ."

ఆయన చెప్పేవన్నీ ఇలాంటివే. బెజవాడ ఎండలో తొమ్మిది దాటాక మొహాలు తియ్యకూడదు, కళ్ళకింద గుంటలు పడతాయి. తప్పనిసరైతే వసారాలో చూరు కింద కూచోబెట్టి మొహం వాకిలివైపు తిప్పించాలి. ఎవర్నీ నవ్వమనకూడదు, చేతికేదో పనివ్వాలి, పనిలో పడితే మొహం దానంతటదే తేలికపడుతుంది. వంద తీస్తే ఇంటికెళ్ళి తొంభై అయిదు చెరిపెయ్యాలి. రంగులు గోల చేస్తుంటే తీసేసి నలుపు తెలుపులో చూడాలి. నెలకొకటైనా కాగితం మీద ప్రింటు వేయించుకోవాలి, ఫోన్లో పడున్నవి ఉన్నా లేనట్టే. సుబ్బారావు వీటన్నిటినీ పైనుంచొచ్చిన సర్క్యులర్ లాగా నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఆ రెండు గంటలూ ఆస్పత్రీ, అనుమతీ, గేదే గుర్తొచ్చేవి కావు. తీసినవి సగం వంకరగా వచ్చేవి. అయినా ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

నవంబరు ఆఖర్లో ఒక ఆదివారం అక్క దగ్గరికి కెమెరా పట్టుకెళ్ళాడు. మంచు విడుతున్న వేళ మాణిక్యమ్మ వసారాలో పీట మీద కూచుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పైన చూరు నీడ, వాకిట్లోంచి వెలుగు, చేతికి పని. జాన్సన్ పాఠమంతా ఆవిడే విని వచ్చి అలా అమర్చుకుని కూచున్నట్టుంది. సుబ్బారావు నాలుగడుగులు దగ్గరికెళ్ళాడు.

"ఉండరా, చీరన్నా మార్చుకోనీ, కాస్త పౌడరన్నా..." అంటూ ఆవిడ తలెత్తింది. అప్పుడు నొక్కాడు.

ఆ ఫోటో నిజంగానే బాగా వచ్చింది. వెనక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టూ నీలం టార్పాలినూ గోల చేస్తున్నాయని రంగులు తీసేశాడు. తీసేసరికి మొహంలో ప్రతి ముడతా కనపడింది, కళ్ళల్లో విసుగూ ప్రేమా రెండూ కనపడ్డాయి. జాన్సన్ దాన్ని చాలాసేపు చూసి, "ముప్పయ్యేళ్ళలో ఇట్టాంటివి నేను పది తీసుంటానేమో సుబ్బారావు గారూ. ప్రింటు వేయించండి" అన్నాడు. ఈ అయిదు నెలల్లో సుబ్బారావుని ఒక మనిషి మెచ్చుకోవడం అదే మొదలు.

ప్రింటుతో ఊరుకుంటే బాగుండేది. మెచ్చుకోలు తలకెక్కినవాడు ఎక్కడ ఊరుకుంటాడు? పెద్ద సైజులో వేయించి, గవర్నరుపేటలో ఒక ఫ్రేముల కొట్లో ఇచ్చి, నల్లంచు కర్ర ఫ్రేము, పైన అద్దం, వెనక కొక్కెంతో సహా కట్టించమన్నాడు. కొట్టతను ఫోటో చూశాడు, సుబ్బారావు మాసిన గడ్డం చూశాడు.

"పెద్దావిడ మీకేమవుతారండీ?" అని చాలా మెల్లిగా అడిగాడు.

"మా అక్కయ్యండీ. అమ్మలాగా పెంచింది," అన్నాడు సుబ్బారావు. ఆ మాట అంటూ ప్రింటు మీది దుమ్ము జేబురుమాలుతో తుడిచాడు కూడా.

కొట్టతను తలాడించి, శనివారం మధ్యాహ్నానికల్లా కట్టి, కాగితం చుట్టి, పురికొస బిగించి చేతిలో పెట్టాడు. అది చంకలో పెట్టుకుని సుబ్బారావు అట్నుంచటే బస్సెక్కాడు. మర్నాడు అక్కను వెంటబెట్టుకుని రావాలి. తెలుగుగడ్డ మీద పుట్టి, ఇన్నిళ్ళల్లో ఇన్ని గోడలు చూసిన మనిషికి ఆ పాటి తట్టాలి. తట్టలేదు. అలిసిపోయిన బుర్ర ఒకదాని మీద పడిందంటే పక్కనున్నది చూడదు.

దీపాలు పెట్టేవేళకి ఊరు చేరాడు. మాణిక్యమ్మ అప్పటికే సంచి సర్దుకుని ఉంది. తను లేనన్నాళ్ళూ గేదెను చూసుకోవడానికి ఒప్పుకున్న పక్కింటి మణెమ్మ వసారాలో కూచుని చిట్టూ దాణా కొలతలు అడిగి తెలుసుకుంటోంది.

"ఏంట్రా అది, అప్పుడే కొత్త క్యాలెండరా?" అంటూ మాణిక్యమ్మ పురికొస తెంపి కాగితం విప్పింది.

ముందు ఆవిడ ఒళ్ళో గంధపు దండ పడింది. పోయినవాళ్ళ ఫోటోలకు వేసే దండ. కొట్టతను కొసరుగా, మంచితనం కొద్దీ, కాగితంలో పెట్టి చుట్టాడు. దాని వెనకాల నల్లంచు ఫ్రేములో, నలుపు తెలుపులో, ఒంటరిగా ఆవిడ మొహం.

"యేసయ్యా!" అని మణెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గేదెను చూసొస్తానంటూ లేచిపోయింది.

మాణిక్యమ్మ దండను రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టింది. "పెద్దకర్మ ఎప్పుడు పెట్టుకున్నావురా?" అంది.

"అది కాదక్కా. ఆ దండ సంగతి నాకు తెలీదు, కొట్టువాడు పెట్టాడు. ఫోటో బాగొచ్చిందని కట్టించా, అంతే."

"బాగానే వచ్చింది. గోడకెక్కించడమే తరువాయి. డాక్టరేమన్నా చెప్పాడా? నాకు చెప్పకుండా దాస్తన్నారా మీరు?"

"నీ మీదొట్టు అక్కా. ఆపరేషనైతే ఇరవయ్యేళ్ళు బతుకుతావన్నాడు."

"ఇరవయ్యేళ్ళు బతికేదానికి ఇదెందుకు కట్టించావ్? నేన్రాను. నన్ను కోస్తానంటే ఆ బల్ల మీద పడుకోను. ఇహ నన్నడగమాకు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సుబ్బారావు బతిమాలాడు, కొట్టువాణ్ణి తిట్టాడు, తనను తాను తిట్టుకున్నాడు. ఆవిడ ఫోటోను గోడవైపు తిప్పి బియ్యం డబ్బా వెనక పెట్టేసి, సర్దిన సంచిలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. అరవడానికైనా అతనికి ఓపిక లేకపోయింది. అయిదు నెలలు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టినదాన్ని తన చేత్తోనే పడగొట్టుకున్నాడు.

తెల్లవారాక కాఫీ తాగుతూ మరోసారి మొదలుపెట్టాడు. "రేపు చేరకపోతే మళ్ళీ తారీకు ఎప్పుడిస్తారో తెలీదక్కా. అప్పటిదాకా..."

"అప్పటిదాకా ఉంటే ఉంటా, పోతే పోతా. నువ్వెట్టాగూ ఫోటో సిద్ధం చేశావుగా."

"నువ్వు పోతే నాకెవరున్నారే?" అన్నాడు సుబ్బారావు. పెళ్ళాం ఉంది, ఉద్యోగం ఉంది, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఆ మాటే వచ్చింది నోట్లోంచి.

మాణిక్యమ్మ కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "కెమెరా ఇటు తే."

"ఎందుకు?"

"తే అంటుంటే. నిన్నూ తీస్తా. ఇట్టాగే నలుపు చేయించి, అద్దం వేయించి కనకలక్ష్మి చేతికిస్తా. అప్పుడు తెలుస్తది నీకు, చూసుకుంటే ఎట్టా ఉంటదో."

ఆవిడ కోపం చిన్నప్పణ్ణుంచీ ఇంతే, గిల్లినవాణ్ణి తిరిగి గిల్లాల్సిందే. సుబ్బారావు కెమెరా పటకా ఆవిడ మెడలో వేసి, ఏది నొక్కాలో చూపించి, వెళ్ళి పీట మీద కూచున్నాడు.

"ఇంకో నాలుగడుగులు దగ్గరికి రా. నొక్కేముందు మూలలు..."

"నోర్మూసుకుని కూచో."

ఆవిడ ఒక కన్ను మూసి, నోరు బిగించి, కెమెరాను అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు తంటాలు పడింది. సుబ్బారావు చేతులకు పనేమీ లేదు, మోకాళ్ళ మీద ఊరికే పడున్నాయి. ఎదురుగా దూడ గాటి దగ్గర తల్లిని పొడుస్తూ తాగుతోంది. దాన్ని చూస్తూ, తనను తీస్తున్నారన్న సంగతే మర్చిపోయాడు. అప్పుడు టక్కుమంది.

"ఏదీ, ఎక్కడ కనపడతది?"

అతను వెనక మీట నొక్కి చూపించి, మొహం నిండుగా కనపడేదాకా పెద్దది చేసిచ్చాడు. మాణిక్యమ్మ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని చూసింది. ఇప్పుడింకేదో అంటుందని సుబ్బారావు ఎదురుచూశాడు. ఆవిడ తలెత్తి తమ్ముణ్ణి చూసి, మళ్ళీ ఫోటోలోకి చూసింది.

"ఇదెవర్రా?"

"నేనే."

"నువ్వేంట్రా. ఆఖరు రోజుల్లో నాన్న ఇట్టా ఉండేవాడు. కళ్ళకింద ఆ గుంటలేంటి?"

"అదేం లేదక్కా. ఎండెక్కితే అలాగే పడతాయట, జాన్సన్ గారు చెప్పారు."

"చూరు కింద కూచున్నవాడికి ఎండెక్కడుందిరా?"

సుబ్బారావు కెమెరా వెనక్కి తీసుకోబోయాడు, ఆవిడ ఇవ్వలేదు.

"వారానికోసారి బస్సు దిగుతావ్. బానే ఉన్నానక్కా అంటావ్. గడగడా మాట్లాడతావ్, నా బిళ్ళలు లెక్కపెట్టి పోతావ్. నేనూ వీడు బానే ఉన్నాడనుకుంటన్నా. నిజం చెప్పు, నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

చెప్పబోతే అతనికి ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. "అలిసిపోయానక్కా," అన్నాడు. అయిదు నెలల్లో ఆ మాట భార్యతో అనలేదు, డాక్టరుతో అనలేదు.

మాణిక్యమ్మ ఓదార్చలేదు. పటకా మెడలోంచి తీసి కెమెరా అతని ఒళ్ళో పెట్టింది. లోపలికెళ్ళి బీరువా తలుపు తెరిచింది. చీరలు మడతపెడుతూనే కిటికీలోంచి కేకేసింది.

"మణెమ్మా! రెండు పూటలా చిట్టు వెయ్యి. ముందు దూడకి వదిలి, ఆనక పిండు."

సుబ్బారావు కళ్ళు తుడుచుకుని గుమ్మం దగ్గరికొచ్చాడు. "అక్కా, ఆ ఫోటో..."

"గుండె బాగుచేయించుకొచ్చాక దాని సంగతి చూస్తా. నీ సంగతీ చూస్తా. బస్సెన్నింటికి?"

కూచిపూడిలో బస్సు సగం ఖాళీగానే దొరికింది. సుబ్బారావు ఆవిణ్ణి కిటికీ పక్కన కూచోమన్నాడు. ఆవిడ అతన్నే లోపలికి తోసి, సంచీ కెమెరా తన ఒళ్ళో పెట్టుకుంది.

"తల ఇటు పెట్టుకుని పడుకో."

"పేషెంటువి నువ్వక్కా."

"ఇంకా చేర్చుకోలేదుగా. పడుకో."

కిటికీలోంచి కోతలు కోసిన చేలు వెనక్కి పోతున్నాయి. పామర్రు రాకముందే అతని తల అక్క భుజం మీదికి ఒరిగింది. కండక్టరు రావడం, ఆవిడ ఆధార్ కార్డు చూపించి తనకు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు, వాడికి బెజవాడ ఒకటి కొట్టమనడం, సగం నిద్రలో ఎక్కడో దూరాన్నుంచి వినపడ్డాయి.

"ఆయనకి ఒంట్లో బాలేదా అమ్మా?" అనడిగాడు కండక్టరు.

"ఆఁ," అంది మాణిక్యమ్మ. "ఆస్పత్రికి తీసుకెళ్తన్నా. లేపమాకు."

సుబ్బారావు విన్నాడు. కాదని చెప్పడానికి కళ్ళు తెరవలేదు.