వంకర టైల్స్ వేసే విద్య

ఏమోయ్, కథ చదవడానికి తీరిగ్గా కూర్చున్నావు సరే, మీ ఇంట్లో కారే కుళాయికి గుడ్డపేలిక చుట్టి ఎన్నాళ్ళయింది? రేపు బాగుచేస్తానన్నావు కదూ. ఆ రేపు పాపం ఇంకా బయల్దేరలేదు. సిగ్గుపడకులే, నీకు తాతలాంటివాడు ఒకడున్నాడు. అతని సంగతి వింటే, నీకంటే చురుకైనవాడు లేడని మీ ఆవిడ దగ్గర చెప్పుకోవచ్చు.

చుట్టాలంతా అతన్ని ఆదివారం అని పిలుస్తారు. ఏ పని అడిగినా "ఈ ఆదివారం చేసేస్తా" అంటాడు గనక. ఏ సంవత్సరంలో ఆదివారమో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మూడేళ్ళ కిందట ఒక పాత ఇల్లు చవగ్గా దొరికితే కొన్నాడు. మేస్త్రులెందుకు, మనకి చేతులు లేవా అన్నాడు. ఉన్నాయి, కాదనలేం. ఒక చేతిలో కాఫీ గ్లాసు, రెండో చేతిలో కొలత టేపు. ఆ ఇంట్లో అతను కొలవని గోడ లేదు, పూర్తిచేసిన గోడా లేదు. హాల్లో మూడు గోడలకి రంగు పడింది, నాలుగోది ఇంకా క్యూలో ఉంది. హాల్లో స్విచ్చి నొక్కితే వంటింట్లో దీపం వెలుగుతుంది. ఒంటికి వ్యాయామం కదా అని సర్దిచెప్పాడు. స్నానాలగదికి దుప్పటి వేలాడుతుంది. అసలు తలుపు హాల్లో గోడకి చేరగిలబడి తువ్వాళ్ళు ఆరేసుకునే ఉద్యోగంలో కుదురుకుంది. లోపల మనిషి ఉన్నట్టు తెలియాలంటే పాట పాడాలి. ఆ ఇంటికి సంగీతం అలా అబ్బింది.

ఇదంతా అతని భార్య నవ్వుతూనే భరించింది, వాళ్ళమ్మ ఫోన్ వచ్చేదాకా. ముసలావిడ తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇంకోసారి పడితే ఇక మంచమే అన్నాడు డాక్టరు. రెండువారాల్లో కూతురి దగ్గరికి వస్తోంది. స్నానాలగదిలో చూస్తే టైల్స్ సగం నేల దగ్గర ఆగిపోయి, అక్కడ రెండువేళ్ళ ఎత్తున గట్టు. కాలు తగిలితే అమ్మ నేరుగా ఆసుపత్రికే.

"ఏవండీ, ఈ ఒక్కదానికీ మేస్త్రిని పిలుద్దామా?"

"ఎందుకే? మన స్నానాలగది మీద వాడికి ప్రేముంటుందా? ఈ ఆదివారం చూడు, నేల అద్దంలా ఉంటుంది."

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. అలాగని గట్టిగా అనలేదావిడ. ఒకసారి పైపు పగిలితే ప్లంబరుని పిలిచిన పాపానికి, ఆ మహానుభావుడు రెండురోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ నడుమూ దక్కాలి, మొగుడి పరువూ దక్కాలి. అందుకని మర్నాడు అతను ఆఫీసుకి వెళ్ళగానే, వెనకవైపు నుంచి ఒక తాపీమేస్త్రిని లోపలికి తెచ్చింది.

"చూడు మేస్త్రీ, నేల మట్టంగా ఉండాలి. కానీ టైల్స్ మధ్య గీతలు మాత్రం మా ఆయన వేసినట్టు వంకరగా పోవాలి. తేడా కనపడకూడదు."

మేస్త్రి ఆ సగం నేల దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడు.

"అమ్మగారూ, పాతికేళ్ళనుంచి వేస్తున్నాను. ఇంత వంకర నావల్ల కాదండీ."

"ప్రయత్నించు నాయనా. మా ఆయనకి ప్రయత్నించకుండానే వస్తుంది."

ఆ రోజు మేస్త్రి చెమటలు కక్కి పది టైల్స్ వేశాడు. పదీ తిన్నగా వచ్చి చచ్చాయి. ఆవిడ పీకించింది. మర్నాడు ఏం పూనిందో గాని, గీతలు అచ్చం మొగుడి చేతిలోంచి వచ్చినట్టే వంకర తిరిగాయి. పనిమంతుడంటే ఇతనే అనుకుని రెండోసారి కాఫీ ఇచ్చింది.

సాయంత్రం మన ఆదివారం వచ్చి, రోజూలాగే ముచ్చటగా రెండు టైల్స్ అతికించి, నడుం పట్టుకుని లేచాడు.

"నిన్న ఎన్ని వేశానే? చాలా కనిపిస్తున్నాయి."

"మీకే గుర్తులేకపోతే నాకేం తెలుస్తుందండీ. ఊపు మీదుంటే మీరు లెక్కపెట్టుకోరుగా."

"అదీ నిజమే," అన్నాడు, మీసం దువ్వుకుంటూ.

వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకుందావిడ. ఇంత అమాయకుణ్ణి మోసం చేస్తున్నానే అని కాస్త జాలి కూడా పడింది. ఇలాగే గట్టు పోయింది, పట్టుకునే కడ్డీ గోడకెక్కింది, తలుపు తన పాత ఉద్యోగం మానేసి బందుల మీదికి వచ్చింది.

ముసలావిడ వచ్చింది. కడ్డీ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళింది. కూతురు బయట తలుపుకి చెవి ఆనించి నిలబడింది. పావుగంటకి ముసలావిడ తనంతట తనే తలుపు తీసుకుని, తల తుడుచుకుంటూ వచ్చింది.

"గీతలు చూస్తే కళ్ళు తిరిగాయి గాని అల్లుడుగారూ, కాలు మాత్రం ఎక్కడా జారలేదు. చల్లగా ఉండండి."

అల్లుడు వినయంగా తల వంచాడు. అంత వినయం అతనిలో పెళ్ళిచూపుల్లో కూడా కనపడలేదు.

అమ్మ నిద్రపోయాక ఆవిడకి ప్రాణం కుదుటపడింది. పనిలోపనిగా మొగుణ్ణి ఇంకో మెట్టు ఎక్కిద్దామని అడిగింది.

"చెయ్యి తిరిగిందిగా, ఇక వంటిల్లు ఎప్పుడు మొదలెడతారు?"

"వచ్చే సోమవారం," అన్నాడు కాఫీ ఊదుకుంటూ. "అందాకా మేస్త్రికి ఖాళీ లేదట."

ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"మీకు... ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజు సాయంత్రమే. పాపం, టైలు ఒకటి చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చాడే. 'అమ్మగారు అచ్చం మీలాగే వెయ్యమంటున్నారు, నా చేతికి రావట్లేదు, ఒక్కసారి నేర్పండి సార్' అని."