పూజకు వేసిన రంగు

నేను ఒక ఫేనుని. ఇళ్లలో పైకప్పుకు వేలాడుతూ అందరి మెప్పూ పొందే జాతి కాదు. కారు బానెట్ లోపల, రేడియేటరు వెనక మసిలో బతికే జాతి. నీళ్లు మరిగే వేళకు తిరగాలి, ఇంజన్ని చల్లబరచాలి. సరిగ్గా తిరిగినన్నాళ్లూ నేనున్నానని ఎవరికీ గుర్తుండదు.

అరకు ఘాట్ రోడ్డు మీద టాక్సీ నడిపే పైడిరాజు నా యజమాని. అతనికి వేరే పని రాదు. ఆయుధపూజ అంటే మాత్రం ప్రాణం. కిందటి దసరాకు బానెట్ లోపల కూడా వదలకుండా నీలం రంగు వేశాడు. నాలోంచి కరెంటు రేకులోకి తిరిగి పోయే దారైన ఎర్త్ వైరు బోల్టు విప్పి, రేకుకు రెండు పూతలు పూసి, ఆరాక మళ్లీ బిగించాడు. రంగు అడ్డొస్తే కరెంటు పారదని అతనికి తెలియదు. పసుపు కుంకుమలు పెట్టి దండం పెట్టాడు. రంగు అంటని బోల్టు మరల గుండా పారే కాస్త కరెంటుతో వేసవిదాకా ఎలాగో నెట్టుకొచ్చాను. తరవాత అవీ తుప్పు పట్టాయి, నేను ఆగిపోయాను.

మెకానిక్ కాసిం ఫ్యూజు చూశాడు, రిలే మార్చాడు, సెన్సారు మార్చాడు. చివరికి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, స్టీరింగు పక్కన దీపమున్న స్విచ్చు పెట్టాడు. ఆ కదలికకు ఎర్త్ కాస్త తగిలి, షెడ్డులో గిర్రున తిరిగాను. ఇద్దరూ నవ్వుకున్నారు. కొత్తగా మెరిసేదాన్ని అనుమానించడం మనుషులకు చేతకాదు. ఎర్త్ వైరును ఎవరూ ముట్టుకోలేదు.

ఘాట్ రోడ్డు కుదుపులకు ఆ కాస్త ఆధారమూ పోయింది. స్విచ్చు దీపానికి వేరే ఎర్త్ ఉంది; అది వెలుగుతోంది కదా అని పైడిరాజు ధీమాగా కొండెక్కించాడు. నీళ్లు మరుగుతున్నాయి. నేను కదలలేను, అరవలేను. అంత నిస్సహాయత పగవాడికి కూడా వద్దు. పొగ కనిపించేసరికి ఇంజను పట్టేసింది.

"నాకింకో పనేటీ రాదు," అన్నాడు రోడ్డు పక్కన కూలబడి.

బాగుచేయించే స్తోమత లేక కారును పాత ఇనుము కొట్టుకు అమ్మేశాడు. డాష్‌బోర్డు మీది దేవుడి పటం తీసుకోవడానికి వచ్చినప్పుడు, కొట్టువాడు నా ఎర్త్ బోల్టు విప్పుతున్నాడు. వైరు కింద నీలం రంగు నిగనిగలాడుతోంది.

"రంగు మీద బిగించిన మారాజెవడో," అన్నాడు కొట్టువాడు.

పైడిరాజు ఆ రంగును గోటితో గీకాడు. కింద తెల్లగా రేకు కనబడింది.

కొట్టువాడు నన్ను ఊడదీసి, పనికొస్తానో లేదో చూద్దామని నా తీగలు రెండూ బ్యాటరీకి తగిలించాడు. ఆ క్షణాన నేను చెడిపోయి ఉంటే బాగుండునని ఎంతగా కోరుకున్నానో. కానీ కరెంటు అందితే తిరగడం తప్ప నాకేమీ రాదు. తిరిగాను. నా గాలికి పటం మీది ఎండిన కుంకుమ రాలి పైడిరాజు చొక్కా మీద పడింది.