కుడిపక్క

తెగిన పోగు కొసలను వేళ్ల మధ్య నలిపి, ముడివేసి, సాంబయ్య మగ్గాన్ని మళ్లీ నడిపించాడు. నలభై ఐదు నిండలేదు కానీ కనుబొమల మీద దూది పేరుకుని ముసలివాడిలా కనిపిస్తాడు. ఇరవై ఏళ్లుగా ఈ బట్టల మిల్లులోనే పని. మగ్గాల మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి దగ్గరి మాటలే వినిపిస్తాయి. చెవిటివాడని తెలిస్తే పనిలోంచి తీసేస్తారన్న భయంతో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

మూడింటికి షిఫ్టు దిగి, నల్లా కింద తల కడుక్కుని, దవాఖానకు నడిచాడు. పదిహేనేళ్ల కూతురు సుగుణ డాక్టరమ్మ గదిలో ఉంది. తల్లి పోయిన ఏడాదికి ఆ పిల్ల బడి మానేసింది, అన్నం ముట్టడం మానేసింది, చివరికి మాటా మానేసింది. ఈ డాక్టరమ్మ సూది వెయ్యదు, మందు రాయదు. వారానికొకసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిస్తుంది. "మాటలతోని జబ్బు పోతదా?" అని వాళ్లుండే మట్టెవాడలో వాడకట్టంతా నవ్వింది. మూడు నెలలు తిరిగేసరికి పిల్ల అన్నం తింటోంది. ఇవాళ ఆఖరిసారి. సాయంత్రం హన్మకొండ బడి హాస్టలుకు వెళ్లిపోతుంది.

సుగుణ బయటికి వచ్చింది. ఎప్పుడూ అతనికి ఎడమన, నాలుగడుగులు వెనగ్గా నడిచేది. ఇవాళ చుట్టు తిరిగి కుడిపక్కకు వచ్చింది.

"నాయినా, నీకు ఎడమ చెవు ఇనబడది గద?"

సాంబయ్య నడక ఆపాడు. "నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. నేను పిలిస్తె నువ్వు పలుకని దినాలన్ని యాది జేసుకొమ్మన్నది డాక్టరమ్మ. యాడ కూసున్నవు, ఎట్ల పిలిచినవు అని అడిగింది. చెప్పుకుంట పోతే, అన్నిసార్లు నీ ఎడమపక్కనే ఉన్న. అవ్వ పోయినంక నేనంటే నీకు గిట్టదనుకున్న."

"నువ్వు మొఖం తిప్పుకుంటె, నా మీద కోపమనుకున్న బిడ్డా."

"కోపమే ఉండె." సుగుణ నవ్వింది. "ఇప్పుడు గూడ జర ఉంది. ఎవలకు చెప్పకున్నా నాకన్న చెప్పకపోతివి."

సాంబయ్య ఆమె తలమీద చెయ్యి వేశాడు. ఆమె తల పక్కకు తీసుకోలేదు.

ఇంట్లో ఇద్దరూ జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నారు. పిల్ల తింటూనే ఏవేవో చెప్పింది. అతను ఒక్క మాటా వదలకుండా విన్నాడు. ఆరింటికి బస్సెక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడి, నెమ్మదిగా తిరిగొచ్చాడు.

తలుపు తీశాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎన్నాళ్లుగానో గోడమూలన ఉండే ఆమె పీట, అతని పీటకు కుడిపక్కన, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, ఆమె తినడానికి జరుపుకున్న చోటే ఉంది.